జార్జ్‌టౌన్‌లో కుంగుతున్న పాత మిద్దె: ముందు పునాదా, నీరా?

తంగశాల వాసి, మార్చి 3

సభ్యులందరికీ నమస్కారం. మా ముత్తాతగారు నెల్లూరు నుంచి వచ్చి చెన్నై జార్జ్‌టౌన్‌లోని పెద్దనాయకన్‌పేటలో, తంగశాల వీథికి చేర్చి ఉన్న ఒక సందులో కట్టించిన ఇంట్లోనే మేము ఇప్పటికీ ఉంటున్నాం. వీథివైపు గది ఒకప్పుడు కాగితాల కొట్టు. దాని వెనుక ఆకాశం కనిపించే ముంగిలి, చుట్టూ వసారా, మీద ఒక అంతస్తు. గోడలు ఇటుక, సున్నంతో కట్టినవి. పైకప్పు టేకు దూలాల మీద ఇటుకను నిలువుగా, ఏటవాలు వరుసల్లో పేర్చి వేసిన మద్రాస్ టెర్రస్. ఇంటికి వందేళ్లు నిండి చాలా కాలమైంది.

గత ఆగస్టులో మా తూర్పు పక్క ఇంటిని పడగొట్టి, నేలమాళిగతో కొత్త భవనం కట్టడానికి లోతుగా తవ్వారు. గొయ్యిలో ఊరుతున్న నీటిని పంపులు పెట్టి రాత్రింబవళ్లు తోడి కాలువలోకి వదిలారు. నవంబరు నాటికి మా మేడమీది తూర్పు గదిలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక బీట పడింది. అది ఇప్పుడు పైభాగాన రెండు నాణేలు కలిపి దూర్చగలిగినంత వెడల్పుంది. వీథి తలుపు చౌకట్టుకు పట్టేస్తోంది.

ఒక మేస్త్రి బీటను సిమెంటుతో నింపి గోడకు ఇనుప వల కట్టి పూత వేస్తే సరిపోతుందన్నారు. మరొకరు పునాది కింద మైక్రోపైళ్లు, అంటే నేలలోకి లోతుగా దింపే సన్నని స్తంభాలు, వేయాలన్నారు. మూడో ఆయన లోపలికి కూడా రాకుండానే పడగొట్టి కొత్తది కట్టుకోమన్నారు. మా అమ్మగారు కొత్త కోడలిగా అడుగుపెట్టింది ఈ ఇంట్లోనే. ఆవిడకు ఇప్పుడు 81 ఏళ్లు. ఇల్లు నిలబెట్టాలన్నది మా అందరి నిర్ణయం. ఏది ముందు చేయాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

మట్టి పరీక్ష, మార్చి 3

తంగశాల వాసి గారికి. నేను ముప్ఫై ఏళ్లకు పైగా పునాదుల పనిలోనే ఉండి విరమించాను. మీకు సలహా ఇచ్చిన ముగ్గురూ చేయవలసిన పని గురించి చెప్పారే కానీ, ఇల్లు ఇంకా కదులుతోందా, ఆగిందా అన్న ప్రశ్న ఒక్కరూ వేయలేదు. ఆగిపోయిన కుంగుదలకు చేసే వైద్యం వేరు, సాగుతున్న కుంగుదలకు చేసే వైద్యం వేరు. రెంటినీ కలిపేస్తే డబ్బు పోతుంది, కొన్నిసార్లు ఇల్లు కూడా పోతుంది.

బీట పైన వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా ఉందంటే గోడ చివర, అంటే మీ తూర్పు కొస, దిగుతోందని అర్థం. గోడ మధ్యభాగం దిగితే బీట కింద వెడల్పుగా ఉంటుంది. తవ్విన గొయ్యి ఉన్నది తూర్పునే కాబట్టి అనుమానం సహజం. అయినా అనుమానాన్ని కొలతలతో నిలబెట్టాలి.

బీటకు అటూ ఇటూ గోడలో రెండేసి చిన్న ఇత్తడి మేకులు దిగగొట్టి, వాటి నడుమ దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో వారానికి ఒకసారి, ఎప్పుడూ ఒకే వేళకు, తెల్లవారుజామున అయితే మరీ మంచిది, కొలిచి పుస్తకంలో రాయండి. ఎండకు గోడ సాగుతుంది, కాబట్టి మధ్యాహ్నపు కొలతను ఉదయపు కొలతతో పోల్చకూడదు. పూర్వం బీట మీద గాజుముక్కను అతికించేవారు. అది విరిగితే కదలిక ఉందని తెలుస్తుంది కానీ ఎంత కదిలిందో, ఎటు కదిలిందో తెలియదు. దానితోపాటు నీళ్లు నింపిన సన్నని గొట్టంతో ముంగిలి స్తంభం నుంచి నాలుగు మూలలకూ మట్టం చూసి గుర్తులు పెట్టండి. పాత ఇళ్లు కట్టిన రోజునే అన్నివైపులా సరిమట్టంగా ఉండి ఉండకపోవచ్చు. అందుకని మొదటి కొలతను చూసి భయపడకుండా, తర్వాతి కొలతల్లో వచ్చే మార్పును చూడండి.

ఈలోగా తూర్పు గది దూలాల కింద ఇనుప జాకీలు నిలబెట్టించండి. కింది నేల బోలుగా ఉండవచ్చు కనుక జాకీ పాదాల కింద పొడవాటి పలకలు వేయించండి. అమ్మగారి పడకను పడమటి వైపుకు మార్చండి. గోడ ఉబ్బినా, బీట రోజుల్లోనే మిల్లీమీటర్ల చొప్పున పెరిగినా, కొలతలు పక్కన పెట్టి ఇల్లు ఖాళీ చేయండి.

పునాది పనులు, మార్చి 4

పెద్దల మాట మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేను ఇదే నగరంలో మైక్రోపైళ్ల పని చేయిస్తాను. పక్కన తవ్వకం జరుగుతూ ఉండగా నెలల తరబడి కొలుస్తూ కూర్చోవడం అందరికీ సాధ్యం కాదు. అరచేతి వెడల్పు రంధ్రాలను గోడ పక్క నుంచి కిందికి తొలిచి, ఇనుప కడ్డీ దించి, సిమెంటు పాలు నింపితే, గోడ బరువు పైనున్న వదులు నేలను దాటి లోతైన గట్టిపొరకు చేరుతుంది. ఇప్పుడు గదిలోనే నిలబెట్టి నడపగలిగే చిన్న యంత్రాలు ఉన్నాయి. పునాదిని తవ్వి తెరవనవసరం లేదు. పాత ఇళ్లకు ఇంతకంటే నాజూకైన పద్ధతి లేదని నా అనుభవం.

మట్టి పరీక్ష, మార్చి 4

మైక్రోపైళ్లు మంచి సాధనమే. వాటిని నేనూ వాడాను. ఇక్కడ నా అభ్యంతరాలు రెండు.

మొదటిది, జార్జ్‌టౌన్ ఇళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా నిలబడినవి కావు. ఒకే ఉమ్మడి గోడను ఇరుపక్కల ఇళ్లవాళ్లూ పంచుకుని, వీథి పొడవునా ఒకదాని భుజం మీద ఒకటి ఆనుకుని ఉంటాయి. మీరు తూర్పు గోడను మాత్రమే గట్టిపొర మీద నిలబెడితే, మిగిలిన ఇల్లు పాత నేల మీదే ఏటా కొద్దికొద్దిగా సర్దుకుంటూ ఉంటుంది. కదలని గోడకు, కదిలే గోడకు నడుమ కొత్త బీట పుడుతుంది. సగం ఇంటికి వేసిన పునాది మిగతా సగాన్ని చీల్చిన సందర్భాలను నేను చూశాను.

రెండవది, కింద ఏముందో తెలియకుండా పైల్ పొడవు ఎలా నిర్ణయిస్తారు? ఈ పేటలు సముద్రపు ఒడ్డున వెలసినవి. పైన ఇసుక, దాని కింద కొన్నిచోట్ల మెత్తని బంకమట్టి, మళ్లీ ఇసుక, ఇలా పొరలు మారుతూ ఉంటాయి. ఇసుక వదులుగా ఉంటే తొలిచే యంత్రం అదురుకే అది కుదించుకుపోయి గోడ మరింత దిగవచ్చు. ముందు పునాది పక్కన ఒక చిన్న గుంట తీసి ఇటుకల మెట్లు ఎంత లోతుకు, ఎంత వెడల్పుకు ఉన్నాయో చూడాలి. కనీసం ఒకచోట బోరు వేసి మట్టి పరీక్ష చేయించాలి.

నీటి సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ వ్యవహారమంతా అక్కడే ఉంది. నేలలోని నీరు మట్టిరేణువుల బరువులో కొంత తాను మోస్తుంది. నీటిమట్టం 1 మీటరు దిగితే, దాని కింద ఉన్న మట్టి మీద చదరపు మీటరుకు సుమారు 1 టన్ను బరువు కొత్తగా పడినట్టే. ఎవరూ ఒక ఇటుక కూడా అదనంగా పెట్టకపోయినా ఇంటి కింద నేల అణుగుతుంది. ఇసుక వెంటనే అణుగుతుంది. బంకమట్టి నెలలు, కొన్నిచోట్ల ఏళ్లు తీసుకుంటుంది. పంపుల్లో వస్తున్న నీరు మురికిగా ఉందా, తేటగా ఉందా అన్నది కూడా చూడండి. నీటితోపాటు సన్నని ఇసుక కొట్టుకొస్తుంటే మీ పునాది కింద ఖాళీలు ఏర్పడుతున్నట్టే.

చరిత్ర విద్యార్థి, మార్చి 5

మట్టి పరీక్ష గారు చెప్పిన మాటకు ఇంగ్లండులోని వించెస్టర్ కెథడ్రల్ కథ ఒక గొప్ప సాక్ష్యం. ఆ చర్చి తూర్పుభాగం కింద మెత్తని పీట్ మట్టి (కుళ్లిన మొక్కలు పేరుకున్న నేల) ఉండేది. గోడలు ఒరిగి, కప్పులో పగుళ్లు వచ్చి, గత శతాబ్దపు తొలి ఏళ్లలో కూలిపోయే స్థితికి చేరింది. గోడల కింద గుంటలు తవ్వితే నీరు ఉబికి వచ్చింది. పంపులతో తోడితే గోడల కింది మట్టి కూడా నీటితో లేచివస్తుందని ఇంజినీరు ఫ్రాన్సిస్ ఫాక్స్ భయపడ్డారు. అందుకని నీటిని అలాగే ఉంచి, విలియం వాకర్ అనే గజ ఈతగాణ్ని బరువైన డైవింగ్ దుస్తులతో ఆ గుంటల్లోకి దించారు. ఆయన 1906 నుంచి 1911 దాకా, మురికినీటిలో కళ్లకు ఏమీ కనిపించని చీకట్లో, చేతులతో తడుముతూ పీట్‌ను తీసేసి, కింద ఉన్న గులకరాళ్ల పొర మీద కాంక్రీటు సంచులు పరిచారు. ఆ పొరతో అడుగు మూసుకున్నాకనే నీరు తోడి పైపని కట్టారు. 25,000కు పైగా సంచులు, 1,14,900 కాంక్రీటు దిమ్మలు, 9 లక్షల ఇటుకలు పట్టాయి. ఒక మనిషి చేతుల మీద అంత పెద్ద కట్టడం నిలిచిందని తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

పీసా గోపురం దగ్గర కూడా ఇటువంటి పాఠమే నేర్చుకున్నారు. 1990లో దాన్ని మూసివేసి, ఉత్తరం వైపు 600 టన్నుల సీసపు దిమ్మలు పెట్టారు. 1995లో నేలను గడ్డకట్టించి పునాదికి కొత్త పని చేయబోతే గోపురం దక్షిణానికి కదలసాగింది. పని ఆపి సీసాన్ని 900 టన్నులకు పెంచవలసి వచ్చింది. చివరకు పునాదిని ముట్టుకోకుండా, ఎత్తుగా ఉన్న ఉత్తరపు వైపు కింది నుంచి సన్నని గొట్టాలతో కొద్దికొద్దిగా మొత్తం 38 ఘనమీటర్ల మట్టిని తీశారు. వంపు అర డిగ్రీ మేర తగ్గింది, 2001 డిసెంబరులో మళ్లీ జనాన్ని అనుమతించారు. దిగిన వైపును ఎత్తకుండా ఎత్తైన వైపును దించారన్నమాట. మెక్సికో నగరపు కెథడ్రల్‌కు కూడా 1990లలో 32 బావులు తవ్వి, వాటి అడుగు నుంచి మట్టి తీస్తూ ఈ పద్ధతే పాటించారు. అక్కడ నగరం నేలలోని నీటిని దశాబ్దాలపాటు తోడుకోవడమే కుంగుదలకు మూలం.

మన నగరానికి వస్తే, ఎగ్మూరులోని సెయింట్ ఆండ్రూస్ కర్క్ 1821లో పూర్తయింది. బురదనేల కావడంతో మేజర్ డి హావిలాండ్ దాన్ని నూతుల మీద కట్టారు. ఇటుక నూతులను కిందికి దింపి, వాటి మీద పునాది పేర్చే ఈ పద్ధతి మన మేస్త్రులకు బావుల పనిలో బాగా అలవాటైనదే.

సున్నపు గానుగ, మార్చి 6

నేను పాత కట్టడాల మరమ్మతులు చేసే వాస్తుశిల్పిని. నేల సంగతి పెద్దలు చెప్పారు కనుక గోడ సంగతికే పరిమితమవుతాను.

తంగశాల వాసి గారూ, ఆ బీటను దయచేసి సిమెంటుతో నింపించకండి. సున్నపు గోడ మెత్తగా ఉండి, కాస్త కదలికను తనలోనే సర్దుకుంటుంది. సన్నని నెర్రెల్లో వాన చెమ్మ దిగినప్పుడు సున్నం కరిగి మళ్లీ గడ్డకట్టి వాటిని తనంత తానే పూడుస్తుంది. సిమెంటు ఆ గోడలో రాయిలా బిగుసుకుంటుంది. కదలిక మిగిలి ఉంటే బీట సిమెంటును వదిలి దాని పక్కనే పాత ఇటుకను చీల్చుకుంటూ పోతుంది. పైగా సిమెంటు పూత గోడలోని చెమ్మను బయటికి పోనివ్వదు. ఆ చెమ్మ దూలాల కొసలకు చేరుతుంది.

మద్రాస్ టెర్రస్ ఇళ్లలో నేను మొట్టమొదట చూసేది ఆ కొసలనే. గోడలో దూరి కనిపించకుండా ఉన్న అడుగు పొడవు టేకు కుళ్లితే, కప్పు బరువు గోడ లోపలి అంచు మీదకు ఒరుగుతుంది. అప్పుడు పడే బీటను పునాది బీటగా పొరబడడం సులభం. సన్నని సూదితో దూలాన్ని గోడ దగ్గర గుచ్చి చూడండి. మెత్తగా దిగితే కుళ్లు ఉన్నట్టే. మేడమీద కాంక్రీటు నీళ్ల తొట్టి ఉందా? గదుల్లో ఎవరైనా సరుకు నిలవ పెడుతున్నారా? కాగితపు కట్టలు గది నిండా పేర్చితే ఆ బరువు మనుషులు నివసించే గది కోసం లెక్కకట్టిన బరువుకు కొన్ని రెట్లు ఉంటుంది. జార్జ్‌టౌన్‌లో సగం ఇళ్ల రోగం ఇదేనని నా అభిప్రాయం.

కదలిక ఆగిందని తేలాక, బీటకు అడ్డంగా కొన్ని వరుసలకొకసారి సున్నపు పడకలో సన్నని స్టెయిన్‌లెస్ కడ్డీలు కుట్టి, లోపల సున్నపు పాలు పోసి, మేడ మట్టాన తూర్పు గోడను అడ్డగోడలకు కట్టిపడేసే ఒకటి రెండు టై రాడ్లు వేస్తే చాలవచ్చు. పాత చర్చిల గోడలు ఎన్నో ఇలా కడ్డీలతో కట్టుబడి తరతరాలుగా నిలిచాయి. ఎప్పుడైనా విప్పి తీసేయగల పని అది. పైల్‌ను వెనక్కి తీయలేము.

మైలాపూరు నివాసి, మార్చి 8

మాది వేరే పేట, కథ మాత్రం దగ్గరిదే. పక్కింటి తవ్వకమే మా ఇంటిని కుంగదీసిందని ఏడాదిపాటు వాళ్లతో మాటలు లేకుండా గడిపాం. చివరకు ఒక ప్లంబరు మా స్నానాలగది దొడ్డి గొట్టం నేలలో పగిలి ఉందని కనిపెట్టారు. పాత మట్టి గొట్టం, అతుకు జారిపోయింది. ఎన్నేళ్లుగా కారుతోందో, ఆ నీటితోపాటు గోడ కింది ఇసుక మెల్లగా కొట్టుకుపోయింది. మీరూ అన్ని గొట్టాలనూ పరీక్షించుకోండి. పక్కవాళ్లతో మాట పోగొట్టుకోకండి, రేపు గోడకు ఏ పని చేయాలన్నా వాళ్ల వైపు నుంచి దారి అవసరమవుతుంది.

శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిన రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గోపురం. దాని బీటలను మేము దర్శనానికి వెళ్లిన ప్రతిసారీ చూస్తూనే ఉన్నాం. అందుకే ఇటువంటి ప్రశ్న ఎవరు అడిగినా నాకు నిదానంగా ఉండడం చేతకాదు.

నిర్వాహకులు, మార్చి 8

పొరుగువారి పేర్లు, నిర్మాణ సంస్థల పేర్లు ఇక్కడ రాయవద్దని మనవి. ఇల్లు నగరపు వారసత్వ కట్టడాల జాబితాలో ఉంటే, మార్పులకు ముందు సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలోని వారసత్వ పరిరక్షణ కమిటీని సంప్రదించవలసి ఉంటుంది. ఆ సంగతి ముందే విచారించుకోవడం మేలు.

తంగశాల వాసి, ఏప్రిల్ 19

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినవి చేయగలిగినంత మేరకు చేశాను.

మార్చి 10న మొదటి కొలత తీసినప్పుడు బీట పైభాగాన 4.4 మిల్లీమీటర్లు ఉంది. నాలుగో వారానికి 4.9కి చేరింది. తూర్పు వీథి మూల ముంగిలి స్తంభం కంటే 14 మిల్లీమీటర్లు కిందికి ఉంది. రెంటి మధ్య దూరం 5.6 మీటర్లు.

పక్కవాళ్ల ఇంజినీరును ఇంటికి పిలిచి కొలతల పుస్తకం చూపించాను. ఆయన మొదట ఒప్పుకోలేదు, వారంవారం తేదీలతో రాసిన అంకెలు చూశాక మెత్తబడ్డారు. పంపుల నీటిని ఒక పారదర్శక సీసాలో పట్టి రాత్రంతా ఉంచితే అడుగున వేలెడు మందాన ఇసుక పేరుకుంది. ఆ సీసాను కూడా ఆయనకు చూపించాను. మైలాపూరు నివాసి గారు హెచ్చరించినట్టే, వసారా కింద మా మురుగు గొట్టంలో కూడా ఒక అతుకు విడిపోయి ఉంది. రెండు కారణాలూ కలిశాయన్నమాట. దూలాల కొసల్లో ఒకటి మెత్తగా ఉంది, మిగతావి గట్టిగా ఉన్నాయి.

మట్టి పరీక్ష, ఏప్రిల్ 20

చాలా మంచి పని చేశారు. మీ అంకెలను లెక్కవేస్తే వంపు 400లో 1 వంతు. మొదటి రోజు మట్టం మనకు తెలియదు కాబట్టి ఇది పైహద్దు అనుకోండి. 1956లో స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు ఎన్నో కట్టడాలను పరిశీలించి, 300లో 1 వంతు దాటితే గోడల్లో బీటలు, 150లో 1 వంతు దాటితే కట్టడపు బలానికే ముప్పు అని తేల్చారు. బీట వెడల్పును బట్టి చూసినా 5 మిల్లీమీటర్ల లోపు బీటలను స్వల్ప నష్టం కిందనే లెక్కిస్తారు. 15 దాటితేనే గోడభాగాలను విప్పి కట్టే అవసరం వస్తుంది. భయపడవలసిన స్థితి కాదు కానీ, కదలిక ఆగలేదన్నది కూడా నిజం.

పక్కవాళ్లను రెండు కోరండి. పంపు బావులకు ఇసుక రాకుండా సరైన జల్లెడ గొట్టం, గులకరాళ్ల పొర వేయించమనండి. తోడిన నీటిలో కొంత భాగాన్ని కాలువలోకి కాకుండా, మీ ఉమ్మడి గోడకు దగ్గరగా తవ్విన ఇంకుడు బావిలోకి తేటపరచి వదలమనండి. అలా చేస్తే గొయ్యి ఎండుతుంది, మీ ఇంటి కింద నీటిమట్టం నిలుస్తుంది. 2003 నుంచి ఈ రాష్ట్రంలో వాననీటి గుంటలు తప్పనిసరి కనుక ఇంకుడు పని తెలిసిన మేస్త్రులు సులభంగానే దొరుకుతారు. మీ ముంగిలి బావిలో నీటిమట్టాన్ని కూడా రోజూ తాడు దించి కొలవండి. బావి మట్టం, బీట వెడల్పు ఒకే కాగితం మీద గీస్తే కారణం మీకే కనిపిస్తుంది.

పునాది పనులు, ఏప్రిల్ 20

ఈ కొలతలు చూశాక నా మాట మార్చుకుంటున్నాను. ఈ ఇంటికి ఇప్పుడు పైళ్లు అవసరం లేదు. ఒకవేళ తర్వాత ఆ మూల కింద ఖాళీ ఉందని తేలితే, మీటరు పొడవు మించని గుంటలు తీసి, ఒకదాని పక్కన ఒకటి కాకుండా మధ్యలో వదులుతూ నింపుకుంటూ రావాలి. ఒక గుంట గట్టిపడ్డాక, పాత ఇటుకకు కొత్త పనికి మధ్య సందును పొడిగా కలిపిన గారతో దిట్టంగా కూరాకే రెండోది తెరవాలి. గోడ పొడవునా ఒకేసారి తవ్వే మేస్త్రిని లోపలికి రానివ్వకండి.

తంగశాల వాసి, ఆగస్టు 30

మే మొదటి వారంలో ఇంకుడు బావి పని చేసింది. మా బావిలో నీరు 70 సెంటీమీటర్లు పైకి వచ్చింది. జూన్ చివరకు పక్కవాళ్ల నేలమాళిగ గోడలు పూర్తయి పంపులు ఆపేశారు. మురుగు గొట్టం మొత్తం మార్చి, అతుకుల దగ్గర నీళ్లు నింపి పరీక్షించాం. బీట మే నెలలో 5.1కి చేరి, అప్పటి నుంచి 5.0, 5.1 మధ్యనే ఉంది. మబ్బు రోజుల్లో కొద్దిగా తగ్గుతోంది. వీథి తలుపు ఇంకా పట్టేస్తోంది, దాన్ని చిత్రికపట్టించవద్దని సున్నపు గానుగ గారు ఫోనులో చెప్పారు కాబట్టి అలాగే ఉంచాం. అదీ ఒక కొలబద్దే అన్నారు.

వారు స్వయంగా వచ్చి ఇల్లు చూశారు. మెత్తబడిన దూలం కొసను కోసి, అదే టేకుతో అతుకు వేసి, గోడలోకి గాలి ఆడేలా చిన్న ఖాళీ వదిలించారు. గోడకు కుట్టుపని, టై రాడ్డు మాత్రం ఈశాన్య రుతుపవనాలు దాటాక, జనవరిలో చేద్దామన్నారు. ఒక వానకాలం మొత్తం నేల తడిసి ఆరే తీరును కొలతల్లో చూడాలని వారి పట్టుదల. సున్నం ఇప్పుడే తెప్పించి తొట్టిలో నానబెట్టాం. మా అమ్మగారు పొద్దున్నే కాలిపర్ పట్టుకుని నాకంటే ముందు మేడెక్కుతున్నారు, వద్దన్నా వినడం లేదు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు అంకెలు ఇక్కడే రాస్తాను.